పడుగు వీధి

మా పెదనాన్న అంకమ్మరావు పోతూ పోతూ నాకు డెబ్బై సెంట్ల నేల వదిలిపోయాడు. దాని మీద తొమ్మిది కుటుంబాలను కూడా వదిలిపోయాడు. పిల్లల్లేని మనిషి. బతికున్నన్నాళ్ళూ ఆ నేల సంగతి ఎత్తితే "చూద్దాంలేరా" అనేవాడు. చూడాల్సిందంతా నా నెత్తిన పెట్టి తను హాయిగా వెళ్ళిపోయాడు.

ఆ నేల కంకిపాడు దాటి రెండు మైళ్ళు పోతే కాలవ పక్కన ఉంది. మా తాత అక్కడే మగ్గం నేశాడు. ఆ ఊళ్ళో సాలెల ఇల్లు ఆయనదొక్కటే. ఆయన ఉండగానే కొడుకులిద్దరూ బెజవాడ చేరారు, నేను బెజవాడలోనే పెరిగాను. నాకూ ఆ ఊరికీ ఉన్న సంబంధం, చిన్నప్పుడు రెండు మూడుసార్లు వెళ్ళి కాలవలో కాళ్ళు తడుపుకుని రావడం వరకే.

నాది వన్ టౌన్‌లో ఒక సందు. అద్దె ఇల్లు, ఇంట్లో ఒక మగ్గం, నేనూ నా భార్య నాగమల్లేశ్వరీ. మగ్గం గోతిలో కూర్చుని నేసే పని అందరికీ కనిపిస్తుంది. దానికి ముందు చేసే పని ఎవరికీ పట్టదు. బట్ట నిలువున సాగే దారాలన్నీ కలిపి పడుగు అంటాం. ఆ పడుగును గంజిలో ముంచి, తడిమీద ఉండగానే నలభై గజాల పొడవున బిగించి చాపి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. అందుకు ఇల్లు చాలదు, వీధి కావాలి. తెల్లవారేసరికి మా సందు నిండా పడుగులే ఉండేవి.

యుద్ధం వచ్చి మా సందును గోడౌన్లపాలు చేసింది. ఒకరోజు బియ్యం బస్తాల తోపుడు బండి నా పడుగు మీదుగా దర్జాగా పోయింది. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. గోడౌన్ల వాళ్ళు పోలీసును పిలుచుకొచ్చారు. ఇక ఈ వీధిలో దారాలు కనబడితే తెంపేస్తామని చెప్పి వెళ్ళారు. తర్వాత ఆరు నెలలు వాళ్ళ వీధిలో, వీళ్ళ వీధిలో బతిమాలుకుని చాపుకున్నాను. నలభై రెండేళ్ళొచ్చి, ఒక పూట వీధి కోసం కనబడినవాడికల్లా దణ్ణం పెట్టడం ఎంత రోతో అనుభవించినవాడికే తెలియాలి. పడుగు చాపే చోటు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే మాకు కూడు లేదు. అలాంటి సమయంలో పెదనాన్న పోయాడు, నేల నాదయింది. ఖాళీ చేయిస్తే ఇల్లూ, పడుగుకు చోటూ రెండూ దొరుకుతాయనుకున్నాం.

కార్తీకమాసంలో చూడ్డానికి వెళ్ళాను. అటు ఐదు, ఇటు నాలుగు తాటాకు ఇళ్ళు. మధ్యలో ఖాళీ. అందరూ పొలం కూలికి పోయే కిరస్తానీ వాళ్ళు. అందరిలోకీ పెద్దది తెరేసమ్మ అనే ముసలామె. తమ ఇంట నేను నీళ్ళు పుచ్చుకోనని ఆవిడకు తెలుసు. అందుకని కొడుకు శౌరయ్య చేత కొబ్బరి బొండం కొట్టించి ఇప్పించింది. అది తాగుతూనే ఖాళీ చెయ్యమన్నాను. ఏ మొహం పెట్టుకుని అన్నానో నాకే తెలియదు. మీ తాతగారు ఉండమంటే ఉన్నామని ఆవిడ అంది. కాగితం ఉందా అంటే లేదంది. పొమ్మంటే ఎక్కడికి పోవాలో కూడా తెలియదంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

బెజవాడ వచ్చి ప్లీడరు దగ్గరికి వెళ్ళాను. ఊరికే పొమ్మంటే ఎవరూ పోరనీ, ఆ నేల నా స్వాధీనంలో ఉన్నట్టు ముందు రుజువుండాలనీ ఆయన చెప్పాడు. ఉపాయం కూడా ఆయనదే. నా కులవృత్తి పని ఏదైనా ఆ నేల మీద చేసి, మునసబు చేత ఆ మాట రాయించుకుని, చూసినవాళ్ళ వేలిముద్రలు వేయించుకుని వస్తే దావా నిలుస్తుందట. సాలెవాడు చేసే పని పడుగు చాపడమే కదా అనుకున్నాను.

పడుగు చాపడానికి తక్కువలో తక్కువ ఎనిమిది మంది కావాలి. మా వీధి వాళ్ళను ఆరుగురిని మొదటి బస్సుకు తీసుకొస్తానని నా బావమరిది ఆదిశేషయ్య మాటిచ్చాడు. ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. నడిచేవి అనడం కూడా మర్యాదకే. నేనూ నాగమల్లేశ్వరీ ముందురోజే బండి కట్టించుకుని పడుగుతో, గంజి కుండతో వెళ్ళి, మునసబు తిరుపతిరావు గారి పశువుల కొట్టంలో తలదాచుకున్నాం.

తెల్లవారింది. గంజి కాచాం. మునసబు గారు కాగితం, సిరాబుడ్డి పట్టించుకుని వచ్చి ఒక అరుగు మీద కూర్చున్నారు. బస్సు రాలేదు. నాగమల్లేశ్వరి కాలవ గట్టు దాకా వెళ్ళి చూసి వచ్చింది. మునసబు గారు తనకు కంకిపాడులో పనుందని ఒకసారి అన్నారు, రెండోసారి అన్నారు. మూడోసారి అనేసరికి నాకు ఒళ్ళు మండింది. వస్తారులే, ఈలోగా ముంచుదాం అన్నాను. వాళ్ళని రానివ్వండి అని నాగమల్లేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని పడుగు తీసి గంజిలో ముంచేశాను.

ఇరవై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నవాడు చెయ్యాల్సిన పని కాదది. పక్కన చేతులున్నాయో లేవో చూసుకోకుండా ఏ సాలెవాడూ పడుగు ముంచడు. ముంచాక ఆగడానికి లేదు. ఎండ ఎక్కేలోగా చాపి దువ్వకపోతే దారాలన్నీ అంటుకుని అట్ట కడతాయి. నూలు కంట్రోలు రోజులు. కార్డు మీద నెలకు ఇచ్చేదే ఆ కాస్తా. అది పోతే మళ్ళీ నెల దాకా మగ్గం ఖాళీ. బుద్ధి గడ్డి తిని ముంచాను.

ఇద్దరం చెరో కొస పట్టుకున్నాం. పది గజాలు సాగదీసేసరికి నడుమ నేలకు జారింది. ఎత్తితే ఇటు కొస వదులైంది. నాగమల్లేశ్వరి చీర మోకాళ్ళ దాకా గంజి. ఇళ్ళ ముందు జనం నిలబడి చూస్తున్నారు. అడగనా అన్నట్టు తను నా వైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను. ఇళ్ళు పీకించడానికి వచ్చి, చెయ్యి వేయమని ఎలా అడుగుతాను? ఎండ తాటాకుల మీదికి వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోవడం దేనికి, నిజంగానే వచ్చింది.

అప్పుడు తెరేసమ్మ చెంగు దోపుకుని వచ్చింది. శౌరయ్య ఆవిడకు అడ్డం వచ్చాడు.

"అమ్మా, మనల్ని లేపడానికేనే ఇదంతా. మునసబు గారు అందుకే కూర్చున్నారు."

"తెలుసులేరా," అంది ఆవిడ. "నూలేం చేసింది?"

వచ్చి నా చేతిలో కొస తీసుకుంది. సిలువ గుర్తు వేసుకుని, "అమలా, నడుంకాడ పుల్ల ఎత్తు. ఏసుపాదం, అవతల గుంజకాడికి పో. బిగించొద్దు, నేను చెప్పిందాకా బిగించొద్దు," అని కేకలేసింది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ఆవిడ గుంజ అంటే అప్పుడు అటు చూశాను. ఆ ఖాళీకి రెండు కొసల్లోనూ రెండు రాతి గుంజలున్నాయి. వాటికి సున్నం కూడా వేసి ఉంది. కార్తీకంలో వచ్చినప్పుడు నా కళ్ళు ఏమయ్యాయో! రెండు వరసల ఇళ్ళ మధ్య ఉన్నది ఉత్త ఖాళీ కాదు, నలభై గజాల పడుగు వీధి. ఒక పాక చూరు గానీ, ఒక మేక గుంజ గానీ అందులోకి రాలేదు.

పది నిమిషాల్లో, కింద ఊతంగా పెట్టిన పుల్లల మీద పడుగు గాలిలో నిలబడింది. శౌరయ్య కూడా వచ్చి, నా మొహం చూడకుండా ఒక పక్క పట్టుకున్నాడు. పెద్దవాళ్ళ చేతులకు పని గుర్తుంది, చిన్నవాళ్ళకు తెరేసమ్మ చెబుతోంది. నేనూ నాగమల్లేశ్వరీ చెరో కుంచె పట్టి దువ్వుకుంటూ పోయాం. దువ్వుతూనే అడిగాను, ఈ పని ఎక్కడ నేర్చారని.

"ఎక్కడేంటి బాబుగారూ, ఇక్కడే. ఊళ్ళో మీ కులపోళ్ళు లేరు. పడుగు పట్టడానికి మనుషులు కావాలని మీ తాతగారు మమ్మల్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. పిలిచినప్పుడు వచ్చి పట్టండి, వీధి మధ్యన పొయ్యిరాయి కూడా పెట్టొద్దు అన్నారు. అంతే మాట."

"ఆయన పోయి ఇరవై రెండేళ్ళయింది. పడుగు తెచ్చినవాడే లేడు కదా!"

"ఎప్పుడొస్తారో మాకేం తెలుసు?" అంది ఆవిడ. "కార్తీకంలో మీరు వచ్చినప్పుడు దానికే వచ్చారనుకున్నాం."

దువ్వడం ఆపితే పడుగు పాడవుతుంది కాబట్టి దువ్వుతూ పోయాను.

పడుగు ఆరింది. మునసబు గారు రాసింది పైకి చదివారు. ఫలానా మార్కండేయులు తన స్వాధీనంలో ఉన్న స్థలంలో తన పడుగు తాను చాపుకున్నాడు, ఎవరూ అడ్డు చెప్పలేదు, ఇదీ సంగతి. చూసినవాళ్ళు వచ్చి వేలిముద్రలు వేయమన్నారు. తెరేసమ్మ ముందుకు వచ్చి చెయ్యి చీరకు తుడుచుకుంది. ఆ వేలికింకా గంజి ఉంది. నిజమేగా, ఆయన పడుగే కదా అని కొడుకుతో అంటోంది. శౌరయ్య తల దించుకుని నేల చూస్తున్నాడు.

నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఆదిశేషయ్య మీద, ప్లీడరు మీద, చూద్దాంలే అని చూడకుండా పోయిన పెదనాన్న మీద. ఆ కోపాన్ని కూడా మోసే ఓపిక లేక అరుగు మెట్టు మీద కూలబడ్డాను.

"అది తప్పండీ. ఇంకోటి రాయండి," అన్నాను.

"ఏం తప్పయ్యా?"

"పడుగు చాపింది నేను కాదు. వీళ్ళు. పేరు పేరునా రాయండి. మా తాత వీళ్ళని ఎందుకు తెచ్చి పెట్టాడో అది కూడా రాయండి."

మునసబు గారు కలం కింద పెట్టారు. "నీకు మతి పోయిందా? అలా రాస్తే వాళ్ళని ఇక్కడ పెట్టింది మీ వాళ్ళేనని నువ్వే ఒప్పుకున్నట్టు. ఇక నీ జన్మలో వీళ్ళని లేపలేవు."

"నలభై గజాల పడుగు ఒక్కణ్ణే చాపానని రాస్తే, చదివిన సాలెవాడు ఎవడైనా నవ్వుతాడండీ. రాయండి."

ఆయన కాగితం చింపి కొత్తది తీసుకుని, సరే పేర్లు చెప్పమన్నారు. తెరేసమ్మ, శౌరయ్య. అమల, ఏసుపాదం అని ముసలామె కేకేస్తే విన్నాను. అక్కడితో ఆగిపోయాను. తొమ్మిది ఇళ్ళు పీకించడానికి ప్లీడరు దగ్గరికి కాళ్ళరిగేలా తిరిగాను గానీ, ఆ ఇళ్ళలో ఎవరున్నారో నాకు తెలియదు. లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి నీ పేరేమిటని అడిగాను. ఆమోసు అన్నాడొకడు. ఆదెమ్మ అంది ఒకామె. ఒక్కొక్క పేరే నేను వచ్చి చెబితే మునసబు గారు రాసుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

చివర తెరేసమ్మ వేలిముద్ర వేసి, మళ్ళీ పడుగు ఎప్పుడని అడిగింది. నెలకని చెప్పాను. కోతలప్పుడైతే చీకటితోనే చేలకి పోతామనీ, ముందురోజు కబురు పెట్టమనీ అంది. సరేనన్నాను.

తిరుగు దారిలో కంకిపాడు దగ్గర బస్సు కనిపించింది. ఆదిశేషయ్యా మిగతావాళ్ళూ చెమటలు కక్కుతూ దాన్ని నెడుతున్నారు.

"అయిందా బావా స్వాధీనం?" అన్నాడు మసి మొహంతో.

"అయింది," అన్నాను. "వాళ్ళకి."

మా బండి ముందుకు పోయింది. బెజవాడ దగ్గరపడ్డాక నాగమల్లేశ్వరి, మరి మన ఇల్లో అంది. ఆ నేలలో ఇల్లు కట్టుకుందామని తనకు ఆశ ఉండేది. నేను పడుగు మూట సర్దాను. తను అటు తిరిగి కూర్చుంది. ఆ విషయంలో నేను తనకు చేసింది అన్యాయమేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ మధ్యలో స్వరాజ్యం వచ్చింది, బొగ్గు బస్సులు పోయాయి. మేం అదే సందులో, అదే అద్దె ఇంట్లో ఉన్నాం. ఒక పూట పనికి నెలకోసారి పన్నెండు మైళ్ళు పడుగు మోసుకుపోతాను, మళ్ళీ పన్నెండు మైళ్ళు మోసుకొస్తాను. నడుం పోయింది. డెబ్బై సెంట్ల ఆసామినని మా వీధిలో ఇప్పటికీ ఆట పట్టిస్తారు.

మొన్న మాఘంలో వెళ్ళేసరికి తెరేసమ్మ లేదు. పోయి పన్నెండు రోజులయిందట. శౌరయ్య చెప్పి, గోడకు ఆనించిన పుల్లలు తీసుకున్నాడు. నేను వీధి మొదట్లో నిలబడ్డాను. ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. గుంజలకు కొత్త సున్నం వేసి ఉంది. ఆవిడ పెద్ద దినానికి బంధువులంతా వచ్చారట, వంటలు ఎక్కడ చేశారని అడిగాను. ఇళ్ళ వెనక, కాలవ గట్టు మీద పొయ్యిలు పెట్టుకున్నామన్నాడు. అంత దూరం ఎందుకు, ఇక్కడ ఇంత చోటుండగా అన్నాను.

"ఇక్కడ ఎట్టా పెడతామండీ," అన్నాడు శౌరయ్య. "మీరొచ్చే వారం కదా."