మూడో ఆదివారం

చట్టాలు చేసే పద్ధతి సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి పార్లమెంటు కమిటీ ఒకటి మదనపల్లెకు వచ్చింది. ఎంపీలు తొమ్మిదిమంది, కార్లు పద్నాలుగు. మిగతా కార్లలో ఎవరొచ్చారో ఆ కార్లకే తెలియాలి. జనం మాట వినడానికి మనిషికి రెండు నిమిషాలిచ్చారు, భోజనానికి గంటన్నర పెట్టుకున్నారు.

మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మెర్సీ లేచింది.

"బిల్లును మూడుసార్లు సదవాలని రూలు ఉండాదంట గదప్పా. మరి టీ సల్లారేలోపే యాల పాస్ చేస్తాండారు?"

"అందరూ ఒప్పుకున్నాక ఇంకా చదవడం ఎందుకమ్మా?" అన్నాడు ఛైర్మన్.

"మా చర్చిలో పెండ్లి కుదిరితే మూడు ఆదివారాలు పేర్లు సదివి, అభ్యంతరం ఉంటే సెప్పమంటారు. నా పెండ్లికీ సదివినారు. మొదటి వారం ఎవురూ పలకలేదు. రెండో వారానికి మా నాయన పందిరి గుంజలు కూడా నాటేసినాడు. మూడో వారం పుంగనూరాయన ఒకడు లేచి, పెండ్లికొడుక్కి కుప్పంలో పెండ్లాం ఉండాదన్నాడు. మీ చట్టాలకు యాడ ఏ పెండ్లాం ఉండాదో, సదివితే గదా తెలిసేది!"

హాలంతా చప్పట్లు మోగాయి. ఛైర్మన్ కూడా కొట్టాడు.

"అద్భుతం! ఈ మాట నివేదికలో రాయండి. ఇక నివేదికను ఆమోదిద్దాం. అభ్యంతరాలున్నాయా? లేవు. ఆమోదించాం."

మెర్సీ చెయ్యి పైకెత్తింది. "ఒక్కసారన్నా సదవకుండానేనా అప్పా?"

ఛైర్మన్ అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు.