వాగ్దానాల పళ్ళెం

అమలమ్మ అడగడానికి వెళ్ళింది ఒకటి, విని వచ్చింది మరొకటి.

పటమటలోని ఆ చిన్న చర్చిలో ఆవిడ నలభై ఏళ్ళుగా బైబిలు స్త్రీ. పేరు ఘనమే గానీ, పనంతా కాళ్ళతోనే. సంచీ భుజాన వేసుకుని కంకిపాడు, ఉయ్యూరు, ఆ పక్క లంక ఊళ్ళూ తిరగాలి. ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాక్యం చెప్పాలి, జబ్బు మనుషుల దగ్గర ప్రార్థన చెయ్యాలి, శవాల దగ్గర పాట ఎత్తుకోవాలి. ఆవిడకు పెళ్ళీ పెటాకులూ లేవు. ఇప్పుడు అరవై మూడేళ్ళు, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆ సంచీ ఎవరికో అప్పగించాలి కదా! ఆ ఎవరో కెజియాయేనని ఆవిడ ఎప్పుడో తీర్మానించేసుకుంది.

కెజియా అదే చర్చి పిల్ల. ఇరవై మూడేళ్ళది, నర్సింగు చదివింది, పాడితే వెనక బెంచీలవాళ్ళు కూడా కునికిపాట్లు మానేస్తారు. గుడివాడ నుంచి సంబంధం వచ్చింది. అవునందా అంటే అనలేదు, కాదందా అంటే అదీ లేదు. "దేవుని చిత్తమేంటో తెలియట్లేదు. జనవరి ఒకటిన కార్డు తీసి చెప్తాను" అని ఇంట్లోవాళ్ళకు గడువు పెట్టింది.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక పళ్ళెంలో కార్డులు బోర్లించి తెస్తారు. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం ఉంటుంది. తలా ఒకటి తీసుకోవాలి. ఎవరికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట. అలా వచ్చిన మాటను పట్టుకుని ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళున్నారు, మేడ మీద శ్లాబు పోయించినవాళ్ళున్నారు. అమలమ్మయితే ఏకంగా జీవితమే మార్చేసుకుంది. ఇరవై రెండేళ్ళప్పుడు, రత్తయ్యతో పెళ్ళి ఖాయమైన నెలకు, పంపిన చోటికల్లా పొమ్మనే వాక్యం వచ్చింది. పెళ్ళి మానేసి సేవలోకి వచ్చేసింది. దేవుడు తనను అలా పిలిచాడన్న ఆ సాక్ష్యం ఆవిడ చెప్పని ఊరు లేదు.

డిసెంబరు చివర్లో ఆవిడ గన్నవరం వెళ్ళింది. అప్పట్లో సంఘ కాపరిగా ఉన్న జ్ఞానప్రకాశం అయ్యగారు అక్కడ కూతురింట్లో ఉంటున్నారు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, మంచానికి దగ్గరయ్యారు.

"ఒక పిల్లకి సేవకు పిలుపుందో లేదో ఎలా తెలుసుకోవాలండీ?" అని అడిగింది.

"చాలా తేలికమ్మా. నీకు చేసినట్టే చెయ్యి."

"నాకేం చేశారండీ?"

ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. మోత తగ్గాక తాపీగా చెప్పారు. "నీ వంతు వచ్చేసరికి పళ్ళెం మార్చాం కదా. అందులో పదిహేను కార్డులు. అన్నిటి మీదా ఒకటే వాక్యం. నేనే రాశాను. నువ్వు ఏది తీసినా అదే!" పళ్ళు లేని నోటితో పసిపిల్లాడిలా నవ్వారు. "నీకెప్పుడో తెలిసిపోయుంటుందనుకున్నానే! అప్పట్లో లంకల్లో తిరగడానికి మనిషి లేదు. నీకేమో మంచి గొంతు, చదువు. రత్తయ్యకిచ్చి చేస్తే పొయ్యి దగ్గరే ఉండిపోయేదానివి. దేవుడికి ఇష్టం లేకపోతే నలభై ఏళ్ళు సాగేదా, చెప్పు?"

"అవునండీ" అంది అమలమ్మ. అనేసింది! నలభై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన చేతికిచ్చిన అరటిపండు తింది, ఆయన కోసం ప్రార్థన చేసింది, వందనాలు చెప్పి బయటపడింది.

రామవరప్పాడు రింగు దాకా ఆవిడకు ఏమీ తోచలేదు. బస్సు అక్కడ ఆగినప్పుడు రత్తయ్య గుర్తొచ్చాడు. పెళ్ళి వద్దన్న మర్నాడు సైకిలేసుకుని వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఇంకెవడైనా అడ్డమొస్తే పోట్లాడేవాణ్ణి అమలా. దేవుడితో ఏం పోట్లాడతాను?" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, నిరుడు పోయాడు. శవపెట్టె తల వైపు నిలబడి పాట ఎత్తుకుంది అమలమ్మే. పాపం రత్తయ్య, దేవుడి చేతిలో ఓడిపోయాననుకునే మట్టిలోకి వెళ్ళాడు.

"ఎంత పని చేశారు అయ్యగారూ!" అని పైకే అనేసింది. పక్క సీటు ఆవిడ తిరిగి చూసింది. అమలమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

ఇంత జరిగాక ఆవిడ బుద్ధి మారిపోయిందనుకుంటే పొరపాటు. రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, పాత శుభలేఖల వెనక వైపు కత్తిరించి కార్డులు రాయడానికి కూర్చుంది. ఏటా ఆవిడే రాస్తుంది. కెజియా రాకపోతే ఈ సంచీ ఎవరు మోస్తారు? లంకల్లో ఆ ముసలాళ్ళ దగ్గరికి ఎవరు పోతారు? అయ్యగారు చేసిందీ వాళ్ళ కోసమేగా? ఇలా అనుకుంటూనే పంపిన చోటికల్లా పొమ్మనే వాక్యం ఒక కార్డు మీద రాసింది. రెండో దాని మీద రాసింది. మూడో దాని మీద కూడా అదే రాసింది.

"ఇదేంటి పెద్దమ్మా, మూడూ ఒకటే రాశారు?"

కత్తిరించడానికి సాయం వచ్చిన కెజియా వెనక నిలబడి ఉంది. అమలమ్మ చెయ్యి ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"కూర్చోవే" అంది. గన్నవరంలో విన్నదంతా చెప్పింది. ఈ మూడు కార్డులు ఎవరి కోసం రాసిందో కూడా దాచకుండా చెప్పింది.

కెజియా ఆ మూడు కార్డులూ ఒకసారి తిప్పి చూసింది. "అయితే మిమ్మల్ని పంపింది ఎవరు పెద్దమ్మా?"

"ఏమోనే. నాకు తెలియట్లేదు."

మళ్ళీ అమలమ్మే అడిగింది. "కార్డు సంగతి పక్కన పెట్టు. నీకేం కావాలి?"

అంతే, పిల్ల భోరుమంది. "నాకు ఆ అబ్బాయి నచ్చాడు పెద్దమ్మా!"

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీ సాక్ష్యం విన్నాక ఎలా చెప్పను? చిన్నప్పట్నుంచీ వింటున్నాను. నాకు ఏదైనా బాగా ఇష్టమైతే అది దేవుడికి ఇష్టముండదేమోనని భయం."

అమలమ్మ కలం పక్కన పెట్టేసింది. నలభై ఏళ్ళు, ఎన్ని ఊళ్ళు, ఎన్ని అరుగులు! ఎంతమంది ఆడపిల్లలు తన ముందు కూర్చుని తల ఊపారు? వాళ్ళలో ఎంతమంది ఇంటికెళ్ళి నోరు నొక్కుకున్నారు? అయ్యగారు మోసం చేసింది ఒక్క మనిషిని. తను ఎందరినో లెక్క తెలియదు.

"పో. ఇప్పుడే పోయి ఇదే మాట మీ అమ్మతో చెప్పు. ఒకటో తారీకు దాకా ఆగకు" అంది. కెజియా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది, కళ్ళు తుడుచుకుంది, చెప్పులేసుకుంది. సందు మలుపు తిరిగేసరికి దాదాపు పరుగెడుతోంది.

పిల్లను అడిగిన ప్రశ్నే అమలమ్మ తనను తాను అడుక్కుంది. ఆనాడు నాకేం కావాలి? రత్తయ్య కావాలా? లంకలు కావాలా? ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను అప్పుడెవరూ అడగలేదు, అది కూడా అడుక్కోలేదు. ఇప్పుడు అడుగుదామంటే అది ఎక్కడుంది?

జనవరి ఒకటిన చర్చి కిటకిటలాడింది. కెజియా గుడివాడ వాళ్ళ పక్కన కూర్చుంది. తన కార్డు తీసి, చదివి, నవ్వుకుని పర్సులో పెట్టుకుంది. ఇప్పటి పాస్టరుగారు ఎప్పటిలాగే మైకులో "మన అమలమ్మగారు సాక్ష్యం చెప్తారు" అన్నారు.

ఆవిడ లేచింది. రెండో వరసలో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు నలుగురు ఆవిడనే చూస్తున్నారు.

"ఈ ఏడు నాకు సాక్ష్యం లేదండీ" అని కూర్చుంది. మోకాళ్ళ నొప్పి కాబోలు పాపం అనుకున్నారు అందరూ.

ఏటా పళ్ళెం పట్టేది కూడా అమలమ్మే. పట్టిన మనిషికి చివరి కార్డు మిగులుతుంది, అది ఆనవాయితీ. ఏటా ఆ కార్డును కళ్ళకద్దుకుని మరీ తిప్పి చూసేది. ఈసారి ఊరికే తిప్పింది. భయపడకు అన్న అర్థం వచ్చే వాక్యం. దాన్ని చూస్తూ ఉండిపోయింది. సున్నా కాస్త పక్కకు ఒరిగిన గుండ్రటి అక్షరాలు. అది తన చేతిరాతే, ఇన్నేళ్ళూ తన చేతిరాతే.

అప్పుడే ఫోను మోగింది. కంకిపాడు అవతలి నుంచి ఒక ముసలావిడ. "మా ఆయన మాట పడిపోయిందమ్మా, రాత్రి నుంచి నిన్నే చూడాలని సైగ చేస్తున్నాడు. పండగ పూట రాగలవా?"

"వస్తున్నా" అంది అమలమ్మ. కార్డును పళ్ళెంలోనే బోర్లించి పెట్టి సంచీ తీసుకుంది. బస్టాపులో నిలబడి, అలవాటు కొద్దీ, ప్రభువా నువ్వేనా పంపేది అని అడగబోయి మానేసింది. బస్సు రావడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆవిడ నిలబడే ఉంది.