చావు సీన్ అయినంక నవ్వాలె

పొద్దుగాల సుల్తానాబీ చాయ్ హోటల్ తెరవంగనే గోడ మీద రెండు నీడలు వచ్చి కూసుంటయ్. ఒకటి ఆమె కొడుకు హఫీజ్‌ది, ఇంకోటి అతని దోస్తు ఇమ్మానుయేల్‌ది. ఇద్దరూ బల్మూర్ విలేకర్లు. వాగుల ఇసుక కోసం రైతులకూ ట్రాక్టర్లోళ్లకూ కొట్లాట అయితుంటే ఫోటోలు తీసి పేపర్ల రాసిండ్రు. పోయినేడు ఎండాకాలం ఇసుక ట్రాక్టర్ వాళ్ల బండిని ఎంటవడి గుద్దింది. ఆక్సిడెంట్ అని కేసు మూసేసిండ్రు. మనుషులు పోయిండ్రు గని నీడలు పోలే. చాయ్ తాగనీకి వచ్చినోళ్లు జర ఎడంగ కూసుంటరు, అంతే.

ఇమ్మానుయేల్ పెండ్లాం రూతమ్మ రోజూ పత్తి ఏరవోయే ముందు వచ్చి, మొగని నీడ పక్కన నిలవడి ముచ్చట చెప్పిపోతది. ఇల్లు కురుస్తుందనో, పిల్లకు జరమొచ్చిందనో, గసుంటియే. నీడ ఇంటది. మొగనిదని ఆమెకు మిగిలింది గదొక్కటే.

గిట్ల ఉండంగ సిన్మావాళ్లు దిగిండ్రు. సచ్చిపోయిన విలేకర్ల మీద సిన్మానట. డైరెక్టర్ మంచిగనే మాట్లాడిండు. రూతమ్మ ఒక్కటే అడిగింది.

"ట్రాక్టర్ కావాల్ననే గుద్దింది సారూ. గది గట్లనే సూపియ్యాలె."

"తప్పకుండా చూపిస్తానమ్మా," అన్నడు.

షూటింగ్ నాడు రూతమ్మ, సుల్తానాబీ వాగుకాడికి పోయిండ్రు. నీడలు గూడ ఎంట పోయినయ్, తమ సిన్మానాయె. పోయి చూస్తే ఏమున్నది, గదే ట్రాక్టర్. కిరాయికి తెచ్చిండ్రు. దాని ఓనర్ క్రాంతి కుమార్ డైరెక్టర్ పక్కనే కుర్చేసుకొని కొబ్బరి బొండం తాగుతుండు. సిగ్గు శరం లేని మనిషి.

సీన్ల మాత్రం బండి దానంతటదే జారి ట్రాక్టర్ కింద పడ్డది.

"ఏంది సారూ గిది? నాకేం మాటిచ్చినవ్?" అన్నది రూతమ్మ.

"ప్రొడ్యూసర్ గారు మార్చమన్నారమ్మా." డైరెక్టర్ ఆమె దిక్కు చూడలే.

వేషం కట్టిన పోరగాళ్లిద్దరూ ఎర్ర రంగు పూసుకొని ఇసుకల పడి సచ్చిండ్రు. కట్ అనంగనే లేచి, కెమెరా దిక్కు తిరిగి పండ్లు కనవడేటట్టు నవ్విండ్రు. అందరూ సప్పట్లు కొట్టిండ్రు. రూతమ్మ డైరెక్టర్ ముందటికి పోయింది.

"ఎందుకు నవ్వుతున్నరు?"

"చావు సీన్ తీస్తే నవ్వు కూడా తీయాలమ్మా," అన్నడు డైరెక్టర్. "లేకపోతే ఆ చావు నటించినవాడికి అంటుకుంటుందని మావాళ్ల నమ్మకం."

"మావోళ్లను ఎవ్వలు నవ్వమనలే," అన్నది రూతమ్మ. "వాళ్ల నవ్వు గూడ తీయుండ్రి."

డైరెక్టర్‌కు ఏమనిపించిందో, కెమెరా నీడల దిక్కు తిప్పించిండు. నవ్వండన్నడు. అవి నవ్వలే. ఇసుక మీదికెల్లి మెల్లగ పోయి క్రాంతి కుమార్ కాళ్లకాడ నిలవడ్డయ్. ఆయన లేస్తే లేచినయ్, నడిస్తే నడిసినయ్.

"హఫీజ్, రా బేటా, ఇంటికి పోదాం," అని సుల్తానాబీ పిలిచింది. రాలే.

సిన్మా మంచిగ ఆడింది. ఆక్సిడెంట్ సీన్ల జనం ఏడుస్తున్నరట. క్రాంతి కుమార్ మొదట్ల పరేషాన్ అయిండు గని, మూడు నీడలతోని తిరుగుడు అలవాటయింది. మొన్న సర్పంచ్ గూడ అయిండు. హోటల్ గోడ మాత్రం ఖాళీ.

రూతమ్మ ఇప్పుడు క్రాంతి కుమార్ చేన్లనే కూలికి పోతుంది. మొగణ్ణి సంపినోని చేన్ల పనేందని ఆడోళ్లు మొఖం మీదనే ఉమ్మేసిండ్రు. ఆమె కొంగుతోని తుడుసుకొని పనికి పోయింది. మొగడు కనవడేది గక్కడనే, ఏం చేస్తది. ఎండ వాలంగ క్రాంతి కుమార్ గట్టు మీదికి వచ్చి నిలవడతడు. మూడు నీడలు పత్తి మీద వాల్తయ్. రూతమ్మ తన సాలు ఇడిసి, ఇమ్మానుయేల్ నీడ పడ్డ సాలుకు జరిగి, నడుము వంచి మెల్లగ మాట్లాడుతది. తనకే దండం పెడుతుందనుకొని క్రాంతి కుమార్ తలూపుతడు.