వినపడని జవాబు

వాదానికి కూర్చున్న మనిషికి నాలుగే జవాబులు: ఒప్పుకుంటాను, ఎందుకు, హేతువు నిలవదు, వ్యాప్తి లేదు. చెప్పిన కారణమే అబద్ధమైతే మూడోది, కారణం నిజమైనా దాన్నుంచి ఆ సంగతి తేలకపోతే నాలుగోది. ఆ నాలుగూ పెల్కిద్‌కి నేర్పింది ఆ టిబెటన్ సన్యాసినుల మఠంలో తను ఆచా, అంటే అక్కా, అని పిలిచే ఛిమే. నిలబడి అడిగేటప్పుడు చప్పట్లు ఎలా చరచాలో, కాలు ఎప్పుడు నేలకేసి కొట్టాలో కూడా ఆవిడే నేర్పింది. అలాంటి ఆచాకే నిన్న సాయంత్రం పెల్కిద్ పంగనామం పెట్టింది.

చలికాలం పెద్ద వాదసభకి మఠం నుంచి ఒక్కరే వెళతారు. వీళ్ళిద్దరిలో అదెవరో నిన్న రాళ్ళు పరిచిన పెరట్లో తేలాలి. ఛిమే కూర్చుంది. పెల్కిద్ నిలబడి అడిగింది. ఎంత తిప్పినా ఆచా చిక్కలేదు. చివరికి పెల్కిద్ జపమాల మోచేతి మీదికి లాక్కుని, "ఈ పెరట్లో పిశాచం లేదు, ఎవరికీ కనపడలేదు గనక" అని చప్పట్లు చరిచింది.

నిన్నగాక మొన్న చేరినవాళ్ళకి కూడా తెలిసిన ఉచ్చే అది. మన కంటికి ఆననివి బోలెడు, కనపడనంత మాత్రాన లేదని తేల్చేస్తే ఎలా? వ్యాప్తి లేదు అంటే సరిపోతుంది. ఛిమే అంది కూడా. కానీ మెడకి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ గొంతు బాగా పీల. అందరూ ముందుకి వంగి వింటారు. పెల్కిద్ వంగలేదు. ఆవిడ పెదవులు కదలగానే మళ్ళీ చప్పట్లు చరిచి, కాలు నేలకేసి కొట్టి, "ఛా! ఛా!" అని అరిచింది. జవాబు రానివాళ్ళని అలా సిగ్గు సిగ్గు అనడం అక్కడి ఆనవాయితీ. చుట్టూ ఉన్నవాళ్ళూ అందుకున్నారు. ఛిమే మళ్ళీ చెప్పబోయి, పెల్కిద్ మొహం చూసి ఊరుకుంది. ఇంత చిన్నదానికి ఆవిడ నోరు పెగల్లేదేమిటని గురువుగారు గెన్‌-లా కూడా ఆశ్చర్యపోయి, పెల్కిద్ గెలిచిందని తేల్చేసింది. పెల్కిద్ మాత్రం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

పొద్దున వంటగదిలో ఛిమే రోజూలాగే వెన్న టీ పోసి, త్సాంపా పిండి ఇటు జరిపింది.

"తినవే. సాయంత్రం కూర్చోవాల్సింది నువ్వే. ఖాళీ కడుపుతో తర్కం తోచదు."

ఆ మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. పెల్కిద్‌కి తల కొట్టేసినట్టయింది.

గెలిచిన మనిషిని కూర్చోబెట్టి, మెడలో తెల్లటి ఖతా కండువా వేసే ముందు ఎవరైనా ఒక్క వాదం వెయ్యొచ్చు. సాయంత్రం ఛిమే లేచింది. ఆవిడ గొంతు సంగతి తెలుసు గనక పెరడంతా సద్దుమణిగింది.

"నిన్న ఛిమే జవాబు చెప్పలేదు, ఎవరికీ వినపడలేదు గనక."

చప్పట్లు మెల్లగా చరిచింది.

పెల్కిద్ గుర్తుపట్టింది. నిన్నటి పిశాచమే తిరిగొచ్చింది. ఒప్పుకుంటాను అంటే ఖతా తనదే. వ్యాప్తి లేదు అన్నా తనదే. వినపడనంత మాత్రాన చెప్పనట్టు కాదు, అంతే కదా, శాస్త్రం ప్రకారం తప్పు పట్టేవాళ్ళు లేరు, పైగా పెద్ద మనసని మెచ్చుకుంటారు కూడా. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలోకే ఇంకా ఎత్తు వెతుకుతున్న తన బుద్ధి మీద తనకే అసహ్యమేసింది.

"హేతువు నిలవదు" అంది.

"ఎందుకు నిలవదు?"

"నేను విన్నాను గనక, ఆచా. విని, ఇంకెవరికీ వినపడకుండా చప్పట్లు చరిచాను."

ముందు వరస బిగుసుకుపోయింది. ఎవరూ ఛా అనలేదు. అంటే కాస్త తేలికయ్యేదేమో. ఛిమే తల వంచుకుని తన చోటికెళ్ళి కూర్చుంది.

గెన్‌-లా చేతిలోని ఖతా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"వెనక వాళ్ళకి వినపడలేదమ్మా. లేచి గట్టిగా చెప్పు."

పెల్కిద్ లేచి నిలబడి, వెనక వరసకి వినపడేలా మళ్ళీ చెప్పింది.