కాలువతో సహా

“అమ్మ సంగతి నువ్వు మరిచిపో అన్నయ్యా. ఇకనుంచి పూర్తిగా నా బాధ్యత,” అని మా ఆయన ఫోన్లో చెబుతున్నప్పుడు నేను అత్తయ్యను పక్కకు తిప్పి, కింద తడిసిన దుప్పటి లాగుతున్నాను. పక్షవాతం వచ్చాక ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాం. తెచ్చుకున్నాడు అనాలి. అవతల బావగారు ఏమన్నారో గాని ఈయన గొంతు మెత్తబడింది. కొడుకంటే నువ్వేరా అని ఉంటారు. నాకు కోపమేమీ రాలేదు. దుప్పటి నానబెట్టి, చేతులు కడుక్కుని ఆఫీసుకు వెళ్ళాను.

నేను నగరపాలక సంస్థలో రోడ్ల ఇంజనీరుని. రద్దీగా ఉండే పెద్ద రోడ్లన్నీ ఇకపై రాష్ట్ర ప్రభుత్వమే చూసుకుంటుందని ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు స్టేషన్ రోడ్డు అప్పగింత. రాష్ట్ర శాఖ అధికారి మ్యాపు పరిచి, రోడ్డు అంచు వెంట ఎర్రగీత గీశాడు. గీతకు లోపలున్న తారు, బోర్డులు, ప్రారంభోత్సవాలు వాళ్ళవి. బయట మిగిలింది కాలువ. అంటే పూడిక తీయడం, చెత్త ఎత్తడం, వానొస్తే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి జనం చేత తిట్లు తినడం. “కాలువలు మీ దగ్గరే ఉంచుకోండి మేడం, మీకు అలవాటే కదా,” అన్నాడు టీ ఊదుకుంటూ. మా పై అధికారి “సర్దుకుపోదాంలేమ్మా” అని సంతకానికి పెన్ను నా వైపు జరిపాడు. అత్తయ్య మా ఇంటికొచ్చిన రోజు మా ఆయనా ఇదే అన్నాడు. “నాకివన్నీ చేతకావు. నీకైతే అలవాటే.” ఎప్పుడు అలవాటైందో నాకు తెలియదు. మా అమ్మను కూడా నేనెన్నడూ లేపి కూర్చోబెట్టిన దాన్ని కాను. పెత్తనం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది.

పెన్ను ముట్టుకోలేదు. “కాలువ నిండితే రోడ్డే పాడవుతుంది సార్. తీసుకుంటే కాలువతో సహా తీసుకోండి. లేదంటే రెండూ మా దగ్గరే వదిలేయండి,” అన్నాను. పెద్ద గొడవే అవుతుందనుకున్నాను. రాష్ట్ర అధికారి మ్యాపు వంక చూసి, గడియారం వంక చూసి, గీతను కాలువ అవతలికి జరిపాడు. అంతే. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టే ఆ గీత అక్కడుంది. కోపం నాకు అప్పుడొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ బావగారి ఫోన్. “నేను చూసుకుంటున్నాగా అన్నయ్యా,” అంటున్నాడు ఈయన. పెట్టేసేదాకా ఆగి, ఉతికిన దుప్పటి ఆయన చేతికిచ్చాను.

“ఏంటిది?”

“అత్తయ్య పక్క మార్చాలి. బాధ్యత మీదన్నారుగా. సాయంత్రం నేను వచ్చాక సాయం చేస్తాను.”

“నాకు చేతకాదని తెలుసు కదా.”

“మొదటిరోజు నాకూ చేతకాలేదు.”

తల్లి అయినా అడ్డు చెబుతుందేమోనని ఆయన మంచం వైపు చూశాడు. నేను చెప్పులేసుకుని గుమ్మం దాటాను. మెట్లు దిగుతుంటే లోపల్నుంచి అత్తయ్య గొంతు ముద్దముద్దగా వినిపించింది.

“అటు కాదురా. ఇటు తిప్పు.”