ఏడో రోగి పేరు

నేను రాసిన వ్యాసాలన్నిటిలో ఎక్కువమంది పేర్కొన్నది ఎలుక జ్వరం మీద రాసిందే. అందులో పదిమంది రోగులున్నారు. ఏడో రోగి మా నాన్న.

వ్యాసంలో ఆయన "యాభై ఎనిమిదేళ్ల పురుషుడు, మత్స్యకారుడు". పేరు లేదు. రోగి పేరు రాయకూడదన్నది నియమం. మంచి నియమమే. మా జూనియర్లకు ఆ పాఠం చెప్పేది నేనే.

ఎవరైనా పరిశోధకుడు తన వ్యాసంలో మన వ్యాసాన్ని పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. మా ఉద్యోగాల్లో మనిషికి విలువ కట్టేది వాటితోనే. ఎన్ని రాశావు, ఎంతమంది పేర్కొన్నారు, అంతే. ఎవరు బతికారో ఎవరు పోయారో ఎవరూ అడగరు. ఇదంతా అమ్మకు విడమరిచి చెప్పే ఓపిక లేక, "నాన్నను తలుచుకున్నారమ్మా" అని ఒకసారి అన్నాను. అప్పటినుంచి పట్టుకుంది.

"ఈ పాలి ఎంతమంది తల్సుకున్నారే మీ అయ్యని?"

"మొత్తం రెండు వందలు దాటారు."

"మరాళ్లకి పేరు తెలీదు గదా. పేరు తెలీకుండా ఏటి తల్సుకుంటారు?"

"పేరు బయటపడితే రోగి పరువు పోతుందనమ్మా."

"జ్వరానికి పరువేటే? అరే, జ్వరం ఎవుడికి రాదు?"

అమ్మ పేరు సీతాలు. పెళ్లయినప్పటినుంచి నాన్న పేరు నోటితో పలకలేదు. మా వాళ్లలో ఆమె వయసు ఆడవాళ్లు మొగుడి పేరు అనరు. రేషన్ షాపులోనైనా, ఆసుపత్రి కిటికీ దగ్గరైనా, గుమాస్తా పేరడగ్గానే నా వైపు చూసేది. నేను చెప్పేదాన్ని. ఆఖరిసారి అడ్మిట్ చేసినప్పుడూ నేనే చెప్పాను.

నాన్న పోయాక నాకు ఏడుపు రాలేదు. చెప్పుకోవడానికి బాగుండదు గానీ అదే నిజం. ఊపిరితిత్తుల్లో రక్తం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముదిరిందో తీరిగ్గా కూర్చుని రాశాను. గ్రాఫు గీశాను. వ్యాసం అచ్చయిన రోజు ఆఫీసులో అందరూ మిఠాయి తిన్నారు. నేనూ తిన్నాను.

నిన్న ప్రమోషన్ ఇంటర్వ్యూ. మా దీవి నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఫెర్రీ కోసం బయల్దేరితే అమ్మ జెట్టీ దాకా వెంట వచ్చింది.

"రాయకూడదు, ఠీకే. నోటితో అనొచ్చు గదా? పెద్ద పెద్ద డాక్టర్లంట. ఒక్క పాలి ఆయన పేరు అనీసి రా."

"అడిగితే అంటాలే" అన్నాను. ఎవరూ అడగరని నా ధీమా.

అడిగారు. పోర్ట్ బ్లెయిర్ ఆఫీసులో నేను, ఢిల్లీలో వాళ్లు ముగ్గురు, తెర మీద. నడుమ కూర్చున్న అధ్యక్షుడు నా వ్యాసాల చిట్టా చూస్తూ చూస్తూ ఎలుక జ్వరం దగ్గర ఆగాడు.

"మీ రికార్డును నిలబెట్టింది ఇదేనమ్మా. అందులోనూ ఏడో కేసు అద్భుతం. మిగతావాళ్లంతా ముదిరాక ఆసుపత్రికి వచ్చారు. ఇతని రక్తం మాత్రం జ్వరం తగిలిన పూటదే ఉంది. ఎలా దొరికింది?"

ఎలా దొరుకుతుంది? వారం రోజులుగా పడవలో నిలిచిన వాననీళ్లు తోడుతున్న నాన్న ఒళ్లు నొప్పులంటూ అరుగు మీద కూలబడితే నేనే తీశాను. సూది గుచ్చుతుంటే "నీ సదువుకి పనికొస్తాదేటే?" అని నవ్వాడు. పనికొచ్చింది.

"ఆయన మా నాన్న సార్" అన్నాను. "పేరు నూకన్న."

ముగ్గురూ కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు.

"డాక్టర్ గౌతమీ, మీ బాధ అర్థమైంది. కానీ రోగి పేరు బయటపెట్టకూడదు. మీకు తెలియనిదా? సరే, ఇది ఎక్కడా రాసుకోం లెండి." కసిరినట్టు కాదు, మెత్తగానే అన్నాడు.

"సారీ సార్" అన్నాను. నోరు దానంతటదే అనేసింది. ఆ తర్వాతి ప్రశ్నలకు తడుముకోకుండా జవాబులు చెప్పాను. చివర్లో మెచ్చుకున్నారు కూడా.

ఇంటికొచ్చేసరికి అమ్మ చేప ముక్కలు వేయిస్తోంది. నాకు కంచం పెట్టింది.

"అన్నావా?"

"అన్నాను."

అమ్మ మొహం విప్పారింది. "ఏటన్నారు?"

అబద్ధం చెప్పొచ్చు. దానికీ ఓపిక లేదు. "అనకూడదన్నారు."

"మరి నువ్వేటన్నావు?"

"సారీ అన్నాను."

అట్లకాడ ఆగిపోయింది. "మీ అయ్య పేరు సెప్పినందుకా?"

ముక్కలు మాడుతున్నాయి. అమ్మ గ్యాస్ కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పట్లో ఆసుపత్రి కిటికీ ముందు నిలబడ్డట్టే నిటారుగా నిలబడింది. ఈసారి మాత్రం నా వైపు చూడలేదు.

"నూకన్న" అంది. మళ్లీ గట్టిగా అంది. "నూకన్న. ఆయన పేరు నూకన్న."

కంచం ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఏడ్చేశాను.