శాంపిలు ధాన్యం

తుపాను రేపు సాయంత్రం కాకినాడ దగ్గర తీరం దాటుతుందని పొద్దున్నుంచీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మా కౌలు చేను ధాన్యం మాత్రం ఇంకా చర్చి ముందు సిమెంటు గచ్చు మీదే ఉంది. ఈ మధ్యాహ్నంలోగా లారీ ఎక్కితే ప్రభుత్వ మద్దతు ధర వస్తుంది. ఎక్కకపోతే వాన, ఆ తర్వాత దళారి చెప్పిందే ధర. లారీ ఎక్కాలంటే తేమ పదిహేడు శాతం దాటకూడదు.

మా ఆయన ఏసుపాదం ఒక గింజ కొరికి చూశాడు. "పదహారున్నర" అన్నాడు.

నాలుగు రోజులుగా ఆ ధాన్యాన్ని కాళ్లతో తిరగేస్తున్న మనిషి. నమ్మాలి. కానీ నిరుడు కూడా ఇలాగే కొరికి పదిహేడన్నాడు, కేంద్రంలో తేమ కొలిచే మిషను పంతొమ్మిది చూపించింది. ఆ ఏడు మేం పడిన పాట్లు నాకు గుర్తున్నాయి, ఆయన పళ్లకు గుర్తులేవు.

ఆయన స్నానానికి వెళ్లగానే, తేమ చూపించడానికి తీసి ఉంచిన శాంపిలు సంచి విప్పి పెనం మీద పోశాను. కాస్త వేడి తగిలితే చాలనుకున్నాను. భయంలో ఎంతసేపు ఉంచానో తెలియలేదు. చల్లార్చి మళ్లీ సంచిలో పోసి మూతి కట్టేశాను.

రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు ఆశాజ్యోతి గారు మిషనులో గింజలు పోసి, దులిపి, మళ్లీ పోశారు.

"ఎనిమిది చూపిస్తోందేంటండి? డిసెంబర్లో మన వైపు ఎనిమిది ఎలా వస్తుందండి? వేయించారా?"

వెనక లైన్లో ఎవరో నవ్వారు. అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు.

ఏసుపాదం మొహం ఎర్రబడింది. "మేం ఒట్లు పెట్టుకోమండి, బైబిలు వాక్యంలో వద్దని ఉంది. అయినా ఇవాళ పెడుతున్నాను. దేవుడి మీద ఒట్టు, ఎండ తప్ప ఆ గింజలకి ఇంకేదీ తగల్లేదు."

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన నోట ఒట్టు వినడం అదే మొదటిసారి.

"మీ మాట కాదనటం లేదండి. రాశి దగ్గరికే వచ్చి చూస్తాను. ముందు వీళ్లవి అవ్వాలి కదా" అన్నారావిడ. మా వంతు మా వెనకున్న అప్పాజీ గారికి వెళ్లింది.

ఇంటికొచ్చాం. లారీ హారన్ వినపడినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్లి చూసేదాన్ని.

మూడు గంటలకు ఆవిడ మిషను పట్టుకుని స్కూటీ మీద వచ్చారు. అప్పటికే మబ్బు పట్టేసింది. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఐదు చోట్ల గింజలు తీశారు. మిషను పదహారున్నర చూపించింది. ఐదుసార్లూ అటూ ఇటుగా అదే.

"చెప్పానా అండి" అంటూ ఏసుపాదం పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"బాగా ఎండిందండి. పొద్దున ఇదే తెచ్చుంటే ఎక్కిపోయేది. లారీ నిండి వెళ్లిపోయింది. ఇంక తుపాను తగ్గాకే." ఆవిడ నా వైపు ఒకసారి చూసి స్కూటీ తీశారు.

ఆయన నవ్వు ఆగిపోయింది. మెల్లగా నా వైపు తిరిగాడు.

"నేనే" అన్నాను. "పెనం మీద వేడిచేశాను. నిరుటిలా అవుతుందేమోనని భయమేసిందండి."

తిడతాడనుకున్నాను. ధాన్యం మీద కప్పే బరకం ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని రాశి అవతలికి వెళ్లాడు. గాలికి అది పైకి లేస్తుంటే ఇద్దరం లాగిపట్టి అంచుల మీద ఇటుకలు పెట్టాం.

"ధాన్యం సంగతి దేవుడు చూసుకుంటాడు సత్యా" అన్నాడు చివరి ఇటుక పెడుతూ. "ఆయన మీద ఒట్టేసి అందరి ముందూ అబద్ధమాడానే. అది ఎవరు చూసుకుంటారు?"